నాలుగో తరగతి ఎవరిది

సుమంగళ ముందు పెట్టిన టీ మీద మీగడ కట్టి చాలాసేపయింది. ఆమె దానివైపు చూడలేదు. క్వార్టర్ వరండా మెట్టు మీద, ఒళ్ళో ఎనిమిది నెలల పిల్లవాణ్ణి పెట్టుకుని కూర్చుంది. "నా కాయితం నాకియ్యుండ్రి, పోత" అని పొద్దున్నుంచి మూడుసార్లు అంది. మూడుసార్లూ ఇంట్లోవాళ్ళు చెవిటివాళ్ళయ్యారు.

"లోపలికి రావే సుమా. వాకిట్ల కూసుంటే కాలనీ అంతా చూస్తది," అంది గీతాంజలి.

"చూడనియ్యి చిన్నమ్మా. నేనేం నగలు అడుగుతున్ననా. నాలుగో తరగతి అడుగుతున్న."

గీతాంజలి అక్క వైపు చూసింది. ఆ అక్క, సుమంగళ తల్లి తులసమ్మ, వంటింటి గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని మోకాళ్ళు నిమురుకుంటోంది. ఊళ్ళో అంగన్‌వాడీలో పదిహేనేళ్ళు ఆయాగా చేసి పోయిన నెలే దిగిపోయింది. ఆ ఖాళీకి కూతురు అర్జీ పెట్టుకుంది. ఆయా నౌకరీకి పెద్ద చదువులేం అక్కర్లేదు, నాలుగో తరగతి పాసయిన కాగితం ఒకటి చాలు. శనివారం ఆఖరు తేదీ.

బుధవారం కూడా సగం గడిచింది.

సతీశ్ రాత్రి డ్యూటీ చేసి వచ్చాడు గానీ నిద్రపోలేదు. బొగ్గు మసి ఇంకా మెడ మడతల్లోనే ఉంది. ముందుగదిలో కుర్చీలో కూర్చుని, చేతిలో ఉన్న ఫైలును తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఆ ఫైల్లో కూతురు హిమబిందు మెడికల్ సీటు ఉంది. సీటంటే సీటు కాదు, ర్యాంకు. ర్యాంకు సీటు కావాలంటే శుక్రవారం సర్టిఫికెట్ల పరిశీలనలో, ఈ కన్నడ రాష్ట్రంలో ఏడేళ్ళు చదివినట్టు చూపించాలి. హిమబిందు నిజంగా ఇక్కడ చదివింది ఐదేళ్ళే.

మిగతాది సుమంగళ చదివింది.

"వదినగారూ, మీరన్నా చెప్పండి," అన్నాడు సతీశ్ ఫైలు మూసి. "ఇప్పుడు ఆ అమ్మాయి వెళ్ళి, నేనే హిమబిందు పేరుతో కూర్చున్నానని రాసిచ్చిందనుకోండి, ఏమవుతుంది? బిందు సీటు పోతుంది. అంతటితో ఆగుతుందా? దొంగ సర్టిఫికెట్ అని కేసవుతుంది. నా ఉద్యోగం ఉంటుందా?"

తులసమ్మ తల ఎత్తలేదు.

"సుమంగళకి నేను అన్యాయం చేస్తానా? ప్రైవేటుగా పది కట్టిస్తాను. దగ్గరుండి రాయిస్తాను. ఏడాది ఓపిక పట్టమనండి."

"ఏడాది దాక ఆ పోస్టు నాకోసం వాకిట్ల కూసుంటదా చిన్నాయనా?" వరండాలోంచి సుమంగళ అడిగింది. గొంతులో కోపం లేదు. అదే సతీశ్‌కి మరీ ఇబ్బందిగా ఉంది. "ఊళ్ళ ఇంకిద్దరు పెట్టిండ్రు అర్జీ. ఈ నౌకరీ రాకుంటె నేను బెంగళూరుకు పోవాలె. ఇటుకలు మోసుకుంట, వీన్ని ఇసుక కుప్ప మీద పండబెట్టుకుంట. వీనయ్య యాడ పండుకుంటున్నడో మీకెరుకనే."

పిల్లవాడి తండ్రి బెంగళూరులో ఇంకో సంసారం పెట్టాడని అందరికీ తెలుసు. ఆ పెళ్ళి కుదిర్చింది సతీశే. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఇందులో సతీశ్ ఒక్కడి బుర్రే పనిచేసిందని చెప్పలేం. పవర్ స్టేషన్‌లో ఆంధ్రా నుంచి వచ్చిన ఉద్యోగులకు అదొక ఆనవాయితీ. పేరు ఇక్కడ, పిల్ల అక్కడ. పిల్లలకు గట్టి చదువు విజయవాడ హాస్టళ్ళలోనే వస్తుందని నమ్మకం. కానీ అక్కడే చదివితే రేపు ఇక్కడి సీటు రాదని భయం. అందుకని పిల్లను అటు పంపి, పేరును ఇటు ఏదో ఒక బళ్ళో ఉంచేవాళ్ళు. బాయిలర్ సెక్షన్ శ్రీరాములు ఇద్దరు కొడుకుల్ని ఇలాగే దాటించాడు. క్యాంటీన్లో టీ తాగుతూ, ఇదేదో పెరట్లో కరివేపాకు మొక్క నాటడమంత సులువన్నట్టు సతీశ్‌కు చెప్పాడు.

సతీశ్ వదినగారి ఊరి బడిని ఎంచుకున్నాడు. అప్పటి హెడ్మాస్టరు వెంకోబరావు పేరు రాసుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. చిన్న బడి, తనిఖీకి వచ్చినవాళ్ళు తలకాయలు లెక్కపెడతారు. పేరుంటే తలకాయ ఉండాలి అన్నాడు. అప్పుడు తులసమ్మ పక్కన కొంగు పట్టుకుని ఆరేళ్ళ సుమంగళ నిలబడి ఉంది.

ఈ ఒక్క ఏడే బిందు పేరుతో కూర్చోనీ, వచ్చే ఏడు ఈ పిల్లను తన సొంత పేరుతో రాద్దాం అన్నారు. వచ్చే ఏడు ఆ పిల్ల రెండో తరగతిలో కూర్చుంది. రెండులో ఉన్న పిల్ల పేరు ఒకటిలో ఎలా రాస్తారు? అలా నాలుగేళ్ళు. నాలుగయ్యాక హిమబిందు విజయవాడ నుంచి వచ్చింది, టీసీ కాలనీ బడికి వెళ్ళింది. సుమంగళ పదేళ్ళకు ఏ రిజిస్టరులోనూ లేని పిల్లగా ఇంటికి వచ్చి, తల్లి వెంట అంగన్‌వాడీలో పసిపిల్లల ముక్కులు తుడవడం మొదలుపెట్టింది.

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. నారు పోసిన పెద్దమనుషులు ముగ్గురూ ఈ ఇంట్లోనే ఉన్నారు. నీళ్ళ మాటే ఎవరికీ గుర్తు రాలేదు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. హిమబిందు బయటికి వచ్చింది. ఈ సంగతి ఆమెకు నిన్ననే తెలిసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నాలుగేళ్ళు నువ్వేనా సుమా?" అంది.

"నేనే."

"పేరు పిలిస్తే?"

"హాజరీ అంటుంటి. మొదటి దినాలల్ల మర్చిపోయి ఊకె కూసుంటె వెనక పిల్ల గిచ్చుతుండె." సుమంగళ పిల్లవాణ్ణి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "ఒకసారి పలక మీద నా పేరు రాసిన. సుమంగళ అని. సార్ తడిబట్ట తీసుకుని చెరిపిండు. కొట్టలే పాపం. గిది ఇంట్ల రాసుకో తల్లీ, ఈడ గాదు అన్నడు. మధ్యాన్నం అన్నం గూడ నీ పేరు మీదనే తిన్న బిందూ."

హిమబిందు గోడకు చేరబడింది.

"నేనక్కడ రాత్రంతా ఏడ్చి పక్క తడిపితే వార్డెన్ ఎండలో నిలబెట్టేది. అప్పుడు నా పేరు ఇక్కడ హాయిగా బడికి పోయిందన్నమాట."

"బిందూ," అన్నాడు సతీశ్.

"కాదా నాన్నా? రెండేళ్ళప్పుడు శిశువిహార్‌లో వేశారు. అయిదేళ్ళకి హాస్టల్, నాలుగేళ్ళు. మూడేళ్ళు ఇంట్లో ఉంచుకున్నారు, మళ్ళీ ఎనిమిదో తరగతికి హాస్టల్. రక్తం కక్కుకుంటే ఇంటికి తెచ్చారు. నేను ఎక్కడుండాలో నన్నెప్పుడన్నా అడిగారా? దాన్ని అడిగారా?"

"అడిగితే పసిపిల్లలు ఏం చెబుతారమ్మా? అంతా నీ కోసమే కదా."

"నాకోసం అనకండి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు వాంతికొస్తోంది."

గీతాంజలి కూతురి భుజం పట్టుకోబోయింది. హిమబిందు జరిగిపోయింది. గీతాంజలి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు సర్దుకుంది. బ్యాంకు ఉద్యోగం వదలలేక రెండు నెలల పిల్లను అక్క చేతుల్లో పెట్టింది తనే. తులసమ్మ అప్పుడు రెండేళ్ళు ఈ క్వార్టర్లోనే ఉండి, ఒక చంకన సుమంగళను, ఒక చంకన బిందును పెట్టుకుని పెంచింది. ఇద్దరికీ ఒకే పళ్ళెంలో కలిపి తినిపించేది. ఇప్పుడు ఆ ఇద్దరికీ కలిపి ఒకే కాగితం ఉంది, దాన్ని పంచడం ఎవరి తరమూ కాదు.

"రెండు గంటలకు రమ్మన్నది హెడ్ మేడం," అంది తులసమ్మ. పొద్దున్నుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. "లేవండ్రి, పోదాం."

"ఏం చెప్తవ్ అక్కా?" గీతాంజలి మెల్లగా అడిగింది.

"ఆడికి పోయినంక చెప్త."

సతీశ్ కారు తెచ్చాడు. దారి పొడుగునా పిల్లవాడు కిటికీ అద్దాన్ని అరచేత్తో కొడుతూ, ఆకుల మీద బూడిద పడి తెల్లగా ఉన్న చెట్లను చూసి కేరింతలు కొట్టాడు. ఊళ్ళోకి రాగానే సుమంగళ దిగి, వాణ్ణి అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర వదిలి వచ్చింది.

బడి గేటు దగ్గర సతీశ్ ఆగిపోయాడు. "నేను లోపలికొస్తే బాగుండదు. మీరు వెళ్ళండి," అన్నాడు. పదమూడేళ్ళ కిందట ఇదే గేటులోంచి స్వీట్ల డబ్బా పట్టుకుని లోపలికి నడిచిన మనిషి.

హెడ్ మేడం గుల్బర్గా వైపు మనిషి. వెంకోబరావు రిటైరయ్యాక ఇద్దరు మారి, ఆ తర్వాత వచ్చింది. కన్నడం కలిసిన తెలుగులో మాట్లాడుతుంది. బల్ల మీద పాత రిజిస్టరు తెరిచి పెట్టుకుంది.

"నోడ్రమ్మా, చూడండి, నాకు ఎవరి మీదా కోపం లేదు," అంది. "సోమవారం ఈ పిల్ల తండ్రి వచ్చి, మా బిందు ఇక్కడ చదివింది, కాగితం ఇయ్యండి అన్నడు. మంగళవారం ఆ పిల్ల వచ్చి, నేను ఇక్కడ చదివిన, కాగితం ఇయ్యండి అన్నది. ఏ బెంచి అంటే బెంచి చూపిచ్చింది. ఏ సార్ అంటే సార్ పేరు చెప్పింది. రిజిస్టర్‌ల చూస్తే పేరు ఒక్కటే. నేను ఎవరికియ్యాలె?"

పక్క తరగతిలో పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు.

"రిజిస్టర్ తప్పు అని మీరు రాసిస్తే నేను పైకి పంపుత. ఎంక్వైరీ అయితది. సుమంగళకు నాలుగో తరగతి వస్తది. రిజిస్టర్ సరి అని రాసిస్తే బిందుకు కాగితం ఇప్పుడే ఇస్త. రెండూ ఇయ్యనీకి నాతోని కాదు. అందరూ ఒకటే మాట మీద ఉండాలె, అందరూ సంతకం చెయ్యాలె. రేపు నా మెడకు రావద్దు."

"చెప్పమ్మా," అంది సుమంగళ తల్లితో. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. చాలు."

తులసమ్మ కొంగు నిండా కప్పుకుంది. బల్ల మీది రిజిస్టరును చూసింది, హిమబిందును చూసింది. కూతురి వైపు చూడలేదు.

"రిజిస్టర్ సరిగనే ఉన్నది మేడం," అంది. "చదివింది మా చెల్లెలు బిడ్డనే. నా బిడ్డ ఎన్నడూ బడికి రాలే. నాతోటి అంగన్‌వాడీల ఉంటుండె."

గీతాంజలికి గుండె మీంచి బండ దిగినట్టయింది. దిగిన మరుక్షణమే, దిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తను అక్కను అలా చెప్పమని అడగలేదు. అడగక్కర్లేకుండానే అక్క చెబుతుందని లోపల ఎక్కడో తెలుసు. తెలిసే అడగలేదు.

"అమ్మా," అంది సుమంగళ.

"ఊకో."

"నాలుగేండ్లు పొద్దుగాల నువ్వే గద నాకు జడలేసి తోలిచ్చింది. ఈ మేడం ముంగట అట్ల ఎట్లంటవ్?"

"ఊకోమన్నగద." అంది తులసమ్మ. "ఏం చేస్తవే కాయితం తీసుకొని? కేసయితది. మీ చిన్నాయన నౌకరీ పోతది. ముసలి సార్ పెన్షన్ పోతది. నీకు రేపు ఏమన్నయితె పోయి నిలవడనీకి ఆ ఒక్క గడప ఉన్నది, అది గూడ పోతది. ఇద్దరూ మునిగినంక నీ నాలుగో తరగతిని నానబెట్టుకొని తాగుతవా? ఒక్కదాని బతుకన్న నిలవాలె."

"ఆ ఒక్కదాన్ని నేను కావద్దా?"

తులసమ్మను ఆమె జీవితంలో ఎవరూ అలాంటి ప్రశ్న అడగనివ్వలేదు. కూతురికి ఏం చెప్పాలో ఆమెకెలా తెలుస్తుంది? రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చేసిన పాపం తనొక్కతిదే అయినట్టు కూర్చుంది.

హెడ్ మేడం తెల్లకాగితం తీసి తనే నాలుగు వాక్యాలు రాసింది. చదివి వినిపించింది. హిమబిందు ఒకటి నుంచి నాలుగు వరకు ఈ బడిలో చదివింది. సుమంగళ ఏ రోజూ ఈ బడిలో చదవలేదు. ఇది మేము ఇష్టపూర్వకంగా చెబుతున్నాం.

తులసమ్మ వంకర టింకరగా పేరు పెట్టింది. అంగన్‌వాడీలో జీతం తీసుకోవడానికి నేర్చుకున్న సంతకం అది.

కాగితం సుమంగళ ముందుకు వచ్చింది. ఆమె వంగి నాలుగు వాక్యాలూ మళ్ళీ చదువుకుంది. పెదాలు కదలలేదు. గడగడా చదవగలిగినవాళ్ళు చదివినట్టే చదివింది. చదివాక బల్ల మీది పెన్ను అందుకుంది.

"పెన్ను కాదమ్మా," అంది హెడ్ మేడం. సొరుగు లాగి, ఇంకు అట్ట తీసి బల్ల మీద పెట్టింది. "బడికే రాలేదని కాగితంల ఉన్నది. సంతకం చేస్తే యాడ నేర్చినవని పైవాళ్ళు అడుగుతరు. బొటనవేలు వెయ్యి."



గీతాంజలి లేవబోయి కూర్చుంది. "మేడం, సంతకం ఉంటే ఏం కాదు లెండి" అనాలని నోటి దాకా వచ్చింది. అంటే ఆ కాగితం చెల్లదేమోనని భయం వేసింది. నోరు మూసుకుంది. ఆ భయాన్ని ఆమె తర్వాత చాలా ఏళ్ళు మోసింది.

సుమంగళ పెన్ను కింద పెట్టింది. ఎడమచేతి బొటనవేలిని ఇంకు అట్ట మీద నొక్కింది. తల్లి పేరు కింద, నల్లగా, గట్టిగా వేసింది. వేలు తీశాక గుర్తు సరిగా పడిందో లేదో వంగి చూసుకుంది.

"సాలా మేడం?" అంది.

"సాలు." హెడ్ మేడం కాగితాన్ని హిమబిందు వైపు తిప్పింది. "ఇప్పుడు నువ్వు."

హిమబిందు ఆ వేలిముద్ర వైపే చూస్తోంది. దాని పక్కనే తన పేరు రాయవలసిన ఖాళీ ఉంది. పెన్ను తీసుకుంది గానీ చెయ్యి లేవలేదు.

"అమ్మా, నువ్వు చెప్పు," అంది. "ఇన్నాళ్ళూ నువ్వూ నాన్నా చెప్పిన చోటికల్లా వెళ్ళాను. ఇది కూడా నువ్వే చెప్పు. చెయ్యమంటే చేస్తాను. తర్వాత నన్నేమీ అడగొద్దు."

గీతాంజలి అక్క వైపు చూసింది. తులసమ్మ చూపు నేల మీద ఉంది. బయట సతీశ్ కారు హారన్ ఒకసారి మోగింది. పక్క గదిలో ఎక్కం తప్పిన పిల్లాణ్ణి టీచరు మళ్ళీ మొదటి నుంచి చెప్పమంటోంది.

"చెయ్యమను చిన్నమ్మా," అంది సుమంగళ, వేలికంటిన ఇంకును చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంటూ. "పిల్లగానికి పాల యాళ్ళయితున్నది."

చెయ్యమనడానికి గీతాంజలికి నోరు రాలేదు. వద్దనడానికీ రాలేదు.

తల్లి మౌనం ఏ వైపుదో హిమబిందుకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. పెన్ను మూత తీసింది.